నిజాం కాలపు స్టాంపును కాగితం నుంచి ఊడదీయకండి

సంపాదకులకు నమస్కారం.

ఎక్కడైనా తపాలా బిళ్ళల ప్రదర్శన జరిగి మనవాళ్ళకు పతకం వచ్చిందంటే పత్రికల్లో వార్త వస్తుంది. సంతోషమే. కానీ ఆ వార్తలో సాధారణంగా రెండే అంకెలుంటాయి: బిళ్ళలు ఎన్ని వేలు, ఖరీదు ఎన్ని లక్షలు. న్యాయనిర్ణేతలు మార్కులు వేసే కాగితంలో ఈ రెండింటికీ చోటే లేదు. చదివినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. అటక మీది ట్రంకుపెట్టె దించుతారు. తాతల నాటి దస్తావేజులు, రసీదులు, వకాల్తాలు బయటికి తీస్తారు. వాటి మీది స్టాంపులను కత్తెరతో కత్తిరించో, నీళ్ళలో నానబెట్టి ఊడదీసో ప్లాస్టిక్ సంచిలో వేసుకుని బజారుకు తెస్తారు. అప్పటికే మిగతా కాగితం చిత్తుబుట్టలోకి పోయి ఉంటుంది. చేతికి వచ్చేది చిల్లర డబ్బులు. కాగితంతో సహా ఉండి ఉంటే అదే స్టాంపు అంతర్జాతీయ ప్రదర్శనలో ఒక పేజీ అయ్యేది. ఈ నష్టం ఎలా జరుగుతోందో, దాన్ని ఎలా ఆపవచ్చో పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

తెలంగాణ ఇళ్ళల్లో ఎక్కువగా దొరికేవి హైదరాబాద్ సంస్థానం స్టాంపులు గనుక వాటినే తీసుకుందాం. మొదటి తపాలా బిళ్ళ 1869 సెప్టెంబరు 8న వచ్చింది. ఒక అణా, ఆలివ్ పచ్చ రంగు. చెక్కినవాడు రాప్కిన్, ప్లేట్లు లండన్‌లోని నిస్సెన్ అండ్ పార్కర్ వాళ్ళవి. మరుసటి ఏడు, అంటే 1870 మే 16న, అర్ధణా గోధుమ రంగులోనూ రెండణాలు లేత పచ్చలోనూ వచ్చాయి. వీటిని మాత్రం ఇక్కడే చెక్కారు, మన టంకసాలలోనే అచ్చువేశారు. సన్నని గీతలతో అస్థిపంజరంలా కనిపిస్తాయని సేకర్తలు వీటిని స్కెలెటన్లు అంటారు. వీటి విశేషం ఏమిటంటే, ప్లేటు మీద ఒక్కో బిళ్ళను చేత్తో విడివిడిగా చెక్కారు. అందువల్ల ఒక్కో విలువలోనూ 240 రకాలున్నాయి. పక్కపక్క బిళ్ళలను భూతద్దంతో చూస్తే ఒకదాంట్లో అక్షరం తోక కాస్త పొడుగు, ఇంకోదాంట్లో చట్రం మూల గీత దాటి బయటికి పోయి ఉంటుంది. ఏ బిళ్ళ ప్లేటులో ఏ స్థానంలోదో గుర్తుపట్టడాన్ని ప్లేటింగ్ అంటారు. విడి బిళ్ళ ఎన్ని ఉన్నా ప్లేటింగ్ ముందుకు సాగదు. రెండు బిళ్ళలు అతుక్కుని ఉంటేనే దీని పక్కది అదీ అని తేలుతుంది. షీటు అంచు కాగితం కూడా కలిసి ఉంటే అది ఏ వరుస చివరిదో తెలుస్తుంది. అందుకే జంట బిళ్ళలను చింపి విడదీయవద్దనీ, అంచు తెల్లకాగితాన్ని అందం కోసం కత్తిరించవద్దనీ అంత గట్టిగా చెప్పడం.

ఇక్కడే ఒక మోసం కూడా ఉంది. 1869 నాటి అణా బిళ్ళను 1880లో మళ్ళీ అచ్చువేశారు, అసలు రంగులోనూ, తపాలాలో ఎన్నడూ వాడని వింత రంగుల్లోనూ. స్కెలెటన్లకూ ఇలాంటి పునర్ముద్రణలున్నాయి. అసలు వాటికి అంచున 2 సెంటీమీటర్లకు 11½ చిల్లులు, పునర్ముద్రణలకు 12½. తేడా ఒక్క చిల్లు. ఉత్త కంటికి తెలియదు, చిల్లుల కొలబద్ద పెట్టి చూడాల్సిందే. కొలబద్ద మీది చుక్కలు బిళ్ళ అంచు చిల్లులతో ఒక చివర నుంచి రెండో చివర దాకా కలిసిపోవాలి. మొదటి మూడు కలిసి తర్వాత జరిగిపోతే ఆ కొలత కాదు. ఒకే అంచు కొలిచి వదిలేయకుండా నాలుగంచులూ చూడాలి, ఎందుకంటే కొందరు వెడల్పాటి అంచున్న బిళ్ళకు కొత్తగా చిల్లులు పొడుస్తారు. పునర్ముద్రణ కొనడం తప్పేమీ కాదు. దాన్ని అసలుదిగా చూపించడం తప్పు. మంచి సేకరణలో అసలు దాని పక్కనే పునర్ముద్రణను పెట్టి, రెండింటి కొలతలూ రాస్తారు. ఆ పేజీకి వచ్చే మార్కులు ఎక్కువే.

1871 నుంచి వచ్చిన వరుస చాలాకాలం నడిచింది. బ్రాడ్‌బరీ విల్కిన్సన్ ప్లేట్లతో అర్ధణా నుంచి పన్నెండణాల దాకా విలువలు వచ్చాయి. ఆ బిళ్ళల మీద ఇంగ్లిషు, ఉర్దూ, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలూ ఉన్నాయి. బొటనవేలంత కాగితం మీద నాలుగు లిపులు. ఈ ఒక్క సంగతి చాలు, తెలుగు చదివే ప్రతి ఇంట్లోనూ ఆ బిళ్ళను ఒకసారి భూతద్దం కింద పెట్టి చూడదగ్గదని మా నమ్మకం.

అసలు విషయానికి వస్తాం. 1915లో అర్ధణా ఆకుపచ్చ, అణా ఎరుపు బిళ్ళల మీద 'పోస్ట్ అండ్ రిసీట్' అన్న మాటలు చేరాయి. అంటే అదే బిళ్ళ ఉత్తరానికీ పనికొస్తుంది, డబ్బు ముట్టినట్టు ఇచ్చే రసీదుకూ పనికొస్తుంది. బ్రిటిష్ ఇండియాలో ఇదే పని 1906లో జరిగింది. ఏడో ఎడ్వర్డు బొమ్మ ఉన్న అర్ధణా, అణా బిళ్ళల మీద 'పోస్టేజ్ అండ్ రెవెన్యూ' అని వేశారు. ఇప్పుడు ఆలోచించండి. ఆ అణా ఎర్ర బిళ్ళను కాగితం నుంచి ఊడదీశాక అది ఉత్తరం మీద వెళ్ళిందో, కౌలు రసీదు మీద అంటించిందో ఎలా చెబుతాం? తపాలా ముద్ర ఉంటే సరే. సిరా గీత మాత్రమే ఉంటే అది ఏ పత్రానిదో, ఏ ఊరిదో, ఎంత సొమ్ముకో ఇక ఎవరూ చెప్పలేరు. అలాంటి విడి బిళ్ళలు రాశులుగా ఉన్నాయి, వాటికి విలువ లేదు. కాగితంతో ఉన్న రసీదులు చాలా తక్కువ.

అలాంటి రసీదు ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. మడతల దగ్గర పొరలు విడుతున్న పొడుగాటి కాగితం. పైన ఉర్దూలో ఇచ్చినవాడి పేరు, ఊరు, తాలూకా. మధ్యలో మొత్తం, అంకెల్లోనూ అక్షరాల్లోనూ, చివర హాలీ సిక్కా అనో ఉస్మానియా సిక్కా అనో (రెండూ నిజాం నాణేల పేర్లే). కింద కుడివైపు మూల అణా బిళ్ళ. సంతకం బిళ్ళ మీద మొదలై కాగితం మీదికి పోతుంది, సగం ఇక్కడ, సగం అక్కడ. బిళ్ళ ఈ కాగితానిదే అనడానికి ఆ సంతకమే సాక్ష్యం. పక్కనే ఫసలీ తేదీ, అంటే పంటల లెక్కన నడిచే సర్కారు సంవత్సరం ప్రకారం వేసిన తేదీ. బిళ్ళ ఊడదీసిన మరుక్షణం సంతకం రెండు ముక్కలవుతుంది, తేదీ పోతుంది, ఊరు పోతుంది, సిక్కా పోతుంది.

ఫసలీ సంవత్సరాన్ని ఇంగ్లిషు సంవత్సరంగా మార్చుకోవడం కష్టమేమీ కాదు. హైదరాబాద్ ఫసలీ అక్టోబరు మొదటి వారంలో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ అయితే 590 కలపాలి, జనవరి తర్వాతయితే 591. 1350 ఫసలీ అంటే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా. నెల పేరు చదవకుండా 590 కలిపేస్తే ఏడాది తప్పుతుంది. కోస్తా జిల్లాల పాత కాగితాల్లో ఉండే మద్రాసు ఫసలీ జులై 1న మొదలవుతుంది గనుక అక్కడ లెక్క వేరు. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫసలీలో పడుతుంది. ఆ తర్వాత కూడా నిజాం స్టాంపులు వాడుకలోనే ఉన్నాయి. 1950 ఏప్రిల్ 1 నుంచి భారత తపాలా బిళ్ళలు వాటి స్థానంలోకి వచ్చాయి. ఆ ఏడాదిన్నర కాలపు ఉత్తరాలు, రసీదులు ఎవరి ఇంట్లోనైనా ఉంటే అవి చరిత్ర మలుపు మీద నిలబడ్డ కాగితాలు. దయచేసి వాటి జోలికి కత్తెర పోనివ్వకండి.

పతకాలు ఎలా ఇస్తారో చెబితే ఈ బాధ ఇంకా బాగా అర్థమవుతుంది. ప్రపంచ స్థాయి ప్రదర్శనల్లో సంప్రదాయ (తపాలా బిళ్ళల) విభాగానికీ, రెవెన్యూ (సుంకం స్టాంపుల) విభాగానికీ మార్కుల పంపకం ఒకటే. మొత్తం 100. విషయాన్ని నడిపిన తీరుకు 20, ఎన్నుకున్న విషయం ప్రాముఖ్యానికి 10, పరిజ్ఞానం, సొంత అధ్యయనం, పరిశోధన కలిపి 35, వస్తువుల స్థితికి 10, అరుదుదనానికి 20, అలంకరణకు 5. అలంకరణకు ఐదే మార్కులని గమనించాలి. రంగురంగుల అంచులు, మెరిసే కాగితాలు, పెద్ద అక్షరాల శీర్షికలతో పేజీలు నింపేవాళ్ళు ఆ ఐదు కోసం 35ను వదులుకుంటున్నారు. 95 వస్తే లార్జ్ గోల్డ్, 90కి గోల్డ్, 85కి లార్జ్ వెర్మెయిల్, 80కి వెర్మెయిల్, 75కి లార్జ్ సిల్వర్, ఆ కింద 70, 65, 60 మార్కులకు సిల్వర్, సిల్వర్ బ్రాంజ్, బ్రాంజ్. వెర్మెయిల్ అంటే బంగారు పూత పూసిన వెండి. జాతీయ స్థాయిలో కనీసం 75 తెచ్చుకున్నవాళ్ళే ప్రపంచ ప్రదర్శనకు దరఖాస్తు పెట్టుకోగలరు.

ఇప్పుడు ఆ అణా రసీదును ఈ తక్కెడలో పెట్టండి. విడి బిళ్ళగా అయితే స్థితి మార్కుల్లో సిరా గీత వల్ల కోత, అరుదుదనంలో దాదాపు సున్నా, పరిజ్ఞానంలో రాయడానికి ఏమీ లేదు. మొత్తం కాగితంగా అయితే సుంకం రేటు రాయవచ్చు, తాలూకా చెప్పవచ్చు, బిళ్ళ ఏ ముద్రణదో తేదీతో సరిచూడవచ్చు, ఆ రకం పత్రం ఎన్ని దొరికాయో రాయవచ్చు. ఒకే బిళ్ళ, మార్కులు మాత్రం ఆమడ దూరం.

ఒక్క ఫ్రేముతో మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు ఇదే అణా బిళ్ళ చక్కని విషయం. ఫ్రేము అంటే నాలుగు వరుసల్లో నాలుగేసి చొప్పున 16 పేజీలు. పెద్ద ప్రదర్శనకు మొదటిసారి వెళ్ళేవాళ్ళకు 5 ఫ్రేములు, అంటే 80 పేజీలు. పై స్థాయి పతకాలు అందుకున్నాక 8 ఫ్రేములు, 128 పేజీలు. ఒక ఫ్రేము పట్టుకున్నవాళ్ళు చేసే మామూలు పొరపాటు సంస్థానం చరిత్ర మొత్తాన్ని 16 పేజీల్లో కుక్కడం. అలా చేస్తే ఏదీ లోతుగా ఉండదు, నడిపిన తీరుకు మార్కులు పోతాయి. 1915 అణా ఎరుపు ఒక్కటే తీసుకోండి. మొదటి పేజీలో విషయం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, పేజీల వరుస ఏమిటో ఉండాలి. న్యాయనిర్ణేత ముందుగా చదివేది అదే, దాన్నిబట్టే మిగతా పేజీలను సరిచూస్తాడు. తర్వాత వాడని బిళ్ళలు, జంటలు, నాలుగేసి కలిసినవి. ఆపైన రంగు ఛాయలు, చిల్లుల తేడాలు, కాగితంలోని ఉర్దూ అక్షరాల వాటర్‌మార్క్ (వెలుతురుకు పెడితే కనిపించే గుర్తు). నాలుగైదు పేజీలు ఉత్తరాలకు: ఊళ్ళోవి, జిల్లా నుంచి జిల్లాకు, రిజిస్టరు చేసినవి. సంస్థానం బిళ్ళ సంస్థానం లోపలే చెల్లేది; బయటికి పోయే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ళ కావాల్సి వచ్చేది. రెండూ కలిసి అంటించిన కవరు దొరికితే దానికి పేజీలో నడుమ చోటు ఇవ్వండి. మిగిలిన నాలుగైదు పేజీలు రసీదులకు: కౌలు, జీతం, అప్పు చెల్లింపు, దుకాణం లెక్క, వీటిలో ఏది దొరికితే అది, ఒకే రకం పది కాదు. చివర్లో 1930లో అర్ధణా మీద కొత్త విలువగా 8 పైలు (పై అంటే అణాలో పన్నెండో వంతు) అని ముద్ర వేయడం, 1931లో చార్మినార్ బొమ్మతో కొత్త అణా రావడం. కథ అక్కడ ఆగాలి. 1931 వరుసలో హైకోర్టు, ఉస్మాన్ సాగర్, అజంతా గుహల ముఖద్వారం, బీదర్ మదరసా, దౌలతాబాదు విజయస్తంభం, 1947లో వరంగల్ కోటలోని కాకతీయ తోరణం, గోల్కొండ ఉన్నాయి, అందమైనవే, కానీ అది వేరే ఫ్రేము.

దస్తావేజులు పేజీ కంటే పెద్దవి కదా అని కత్తిరిస్తున్నామని కొందరంటారు. అవసరం లేదు. పేజీ మీద బిళ్ళ, సంతకం, తేదీ కనిపించేంత కిటికీ కోసి, కాగితాన్ని పాత మడతల మీదే మడిచి వెనక నుంచి పెట్టవచ్చు. కొత్త మడత మాత్రం వేయకండి. రెండు పేజీలంత వెడల్పు ఉన్న పేజీ వాడుకోవడానికీ వీలుంది. వెనకవైపున్న ముద్ర చూపించాలంటే నకలు పెట్టవచ్చు, అయితే నకలు అసలు పరిమాణానికి కనీసం 25 శాతం తేడాగా ఉండాలి. సరిసమానంగా పెడితే అసలుదని భ్రమపెట్టినట్టు లెక్క.

ఇక ఇంట్లో జరిగే నష్టం. దీన్ని గురించి ఎంత చెప్పినా తక్కువే. అన్నిటికంటే పెద్దది నీళ్ళలో నానబెట్టడం. ఈ రోజుల తపాలా బిళ్ళను కవరు నుంచి నీళ్ళతో ఊడదీయవచ్చు, నిజమే. పాత రెవెన్యూ స్టాంపుల సంగతి వేరు. వాటిలో కొన్ని కావాలనే నీళ్ళకు కరిగే సిరాతో అచ్చువేసినవి, గీత చెరిపి మళ్ళీ వాడుకోకుండా ఉండేందుకు. ఊదా, ఎరుపు రంగు రబ్బరు ముద్రలూ అంతే. నీళ్ళు తగిలిన నిమిషంలో కాగితం గులాబీ రంగు మరకవుతుంది, దస్తూరీ పాకుతుంది. ఉబ్బెత్తు ముద్ర ఉన్న స్టాంపు కాగితాన్ని తడిపితే ఆ ఉబ్బు చదునైపోతుంది, మళ్ళీ రాదు.

రెండోది లామినేషన్. భద్రంగా ఉంటుందనుకుని చేయిస్తారు. వేడికి కరిగిన జిగురు కాగితం పోగుల్లోకి ఇంకిపోతుంది. ఇంట్లో ఎవరూ దాన్ని వెనక్కి తీయలేరు. తీయబోతే సిరా జిగురుతో పాటే లేచి వస్తుంది. లామినేట్ చేసిన దస్తావేజును ఏ ప్రదర్శనలోనూ స్థితి మార్కులతో చూడరు. సెల్లోటేపు కాస్త నెమ్మదిగా చంపుతుంది: కొన్నేళ్ళకు ప్లాస్టిక్ ఎండి రాలుతుంది, పసుపుపచ్చని జిగురు మరక మాత్రం అక్షరాల మీద మిగిలిపోతుంది. చిరుగును అలాగే వదిలేయడం టేపు వేయడం కంటే వెయ్యి రెట్లు మేలు.

తుప్పుపట్టిన గుండుసూది ఉంటే గుంజకండి. సూదికీ కాగితానికీ మధ్య బిరుసైన పారదర్శక పాలిస్టర్ ముక్కను దూర్చి, మెల్లగా కదిపి తీయాలి. మెత్తటి పీవీసీ కవర్లు వాడకండి. వాటిలోని నూనె పదార్థం బయటికి ఊరి, బిళ్ళ రంగు ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. పాలిస్టర్ కవర్లు, ఆమ్లం లేని కాగితం వాడాలి. పాత వార్తాపత్రికలో చుట్టి పెట్టడం కూడా మంచిది కాదు, ఆ కాగితంలోని ఆమ్లం పక్క కాగితాన్ని పసుపు చేస్తుంది. సంపాదకులు దీన్ని అపార్థం చేసుకోరని ఆశిస్తాం. వానాకాలం గాలిలో తేమ 65 శాతం దాటితే గోధుమ రంగు బూజు చుక్కలు మొదలవుతాయి, జిగురున్న బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆల్బమ్‌ను పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచాలి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం పెట్టి రంగు మారినప్పుడల్లా మార్చాలి, గోడకు ఆనించి పెట్టకూడదు. నెలకోసారి తెరిచి ఫ్యాను గాలిలో పేజీలు తిప్పితే సిల్వర్‌ఫిష్ పురుగు చేరదు. ఎండలో ఆరబెట్టడం ఊళ్ళల్లో అలవాటు. ఒక్క మధ్యాహ్నం చాలు, ఎర్ర రంగు వెలిసిపోతుంది.

కోస్తా, రాయలసీమ పాఠకులకు ఒక మాట. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు కోర్టు ఫీజు స్టాంపుల మీద గుండ్రటి రంధ్రం కనబడితే చెడిపోయిందని పారేస్తున్నారు. అది చెడిపోవడం కాదు. 1870 నాటి కోర్టు ఫీజుల చట్టం 30వ సెక్షన్ ప్రకారం, స్టాంపు మీది తల బొమ్మను పంచ్‌తో తీసేసి, విలువ రాసిన భాగాన్ని మాత్రం ముట్టుకోకుండా ఉంచాలి. తీసిన ముక్కను కాల్చేయాలి లేదా నాశనం చేయాలి. రంధ్రం ఉందంటే స్టాంపు నిజంగా కోర్టులో దాఖలైందని అర్థం. రంధ్రం లేనిదే అనుమానించాల్సింది: అది అచ్చాఫీసు నమూనా కావచ్చు, వాడకుండా మిగిలింది కావచ్చు, లేదా పంచ్ చేసిన చోట తల బొమ్మ ముక్కను వెనక నుంచి అతికించింది కావచ్చు. దీపం ముందు పెట్టి చూస్తే అతుకు గుండ్రంగా, ముదురుగా కనిపిస్తుంది.

మోసాల్లో ఇంకో రెండింటిని చెప్పి ఆపుతాం. మొదటిది శుభ్రం చేసిన బిళ్ళ. రసీదు మీద సిరా గీత పడిన పెద్ద విలువ బిళ్ళను రసాయనంతో కడిగి, గీత పోయాక దొంగ తపాలా ముద్ర కొట్టి ఉత్తరాలకు వాడినదిగా అమ్ముతారు. అతినీలలోహిత దీపం కింద పెడితే గీత ఉన్న దారి మిగతా కాగితం కంటే వేరుగా కనబడుతుంది. కాగితం అక్కడ పలచబడి ఉంటుంది, తెలుపు ఎక్కువగా ఉంటుంది. రెండోది 'సర్కారీ' ముద్ర. ప్రభుత్వ ఉత్తరాల కోసం 1873 నుంచి మామూలు బిళ్ళల మీదే ఈ ముద్ర వేశారు, ఎరుపులోనూ నలుపులోనూ. చవక బిళ్ళ మీద దొంగ ముద్ర కొట్టి ఖరీదైనదిగా అమ్మడం సులువు. ఏటవాలు వెలుతురులో భూతద్దంతో చూడండి. అసలు దాంట్లో సర్కారీ ముద్ర కింద, తపాలా ముద్ర పైన ఉంటుంది, ఎందుకంటే బిళ్ళ కార్యాలయానికి చేరేటప్పటికే సర్కారీ అని ఉంది. తపాలా ముద్ర మీదుగా సర్కారీ గీత పోయిందంటే ఎవరో తర్వాత కొట్టినట్టే. పెద్ద ధర పెట్టేముందు నిపుణుల సంఘం ధ్రువపత్రం తీసుకోవాలి, ఆ పత్రంలో బిళ్ళ ఫొటో ఉండాలి, ఫొటోలోని చిల్లుల వరుస చేతిలోని బిళ్ళతో కలవాలి.

ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ ముఖ్యమే. కోర్టు, రిజిస్ట్రేషను, రెవెన్యూ కార్యాలయాల రికార్డు గదుల నుంచి తీసుకొచ్చిన ఫైళ్ళు బజారులో కనబడితే కొనకండి. అవి ప్రజల ఆస్తి, కొన్నవాడూ చిక్కుల్లో పడతాడు. ఇంటి దస్తావేజుల సంగతి వేరు, అవి మీవి. భూమి హక్కుకు ఆధారమైన పత్రమైతే స్టాంపు కోసం దాన్ని ముట్టుకోవడమే ప్రమాదం. అలాంటిదాన్ని ఎవరికైనా చూపించాల్సి వస్తే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) రెండువైపులా స్కాన్ చేసి ఆ నకలు పంపండి, అసలును ఇల్లు దాటించకండి.

మేం కోరేవి ఇవి. తపాలా శాఖ నిర్వహించే రాష్ట్ర ప్రదర్శనల్లో రెవెన్యూ విభాగానికి ఫ్రేములు కేటాయించి, పాత రసీదులు తెచ్చినవాళ్ళకు వాటిని చదివి చెప్పే బల్ల ఒకటి పెట్టాలి. ఉర్దూ దస్తూరీ చదవగలవాళ్ళు ఒకరు అక్కడ ఉంటే చాలు. 6 నుంచి 9వ తరగతి పిల్లలకు తపాలా శాఖ ఏడాదికి రూ. 6,000 ఇచ్చే దీన్ దయాళ్ స్పర్శ్ ఉపకార వేతనం ఉంది. దానికి తయారయ్యే పిల్లలకు బడిలోనే ఇంటి నుంచి ఒక పాత రసీదు తెమ్మని చెప్పి, కొలబద్దతో చిల్లులు లెక్కించడం నేర్పితే బజారులో కొన్న రంగుల పాకెట్టు కంటే ఎక్కువ వస్తుంది. ఉర్దూ, పారసీ పత్రాలున్న కుటుంబాలు వాటిని తూకానికి వేసేముందు తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల సంస్థలో (స్టేట్ ఆర్కైవ్స్) ఒక్కసారి అడగాలి.

పత్రికకు ఒక చిన్న విన్నపం. స్టాంపుల వార్త వేసినప్పుడు బిళ్ళ ఒక్కదాన్నే కాకుండా అది అంటించి ఉన్న కాగితం మొత్తాన్ని ఫొటోగా వేయండి. దాని కింద మూడు మాటలు చేర్చండి: కత్తిరించకండి, నానబెట్టకండి, లామినేట్ చేయించకండి.

ఇట్లు,
పాత తపాలా, రెవెన్యూ స్టాంపుల సేకర్తలు కొందరు,
హైదరాబాద్.